చందమామ కిటికీకి గిన్నె మూత చాలు

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఆస్టిన్ పక్కన రౌండ్ రాక్‌లో ఉంటాం. 5 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవున్న పాత సామాన్ల ట్రైలర్ ఒకటి కొని, దాని మీద ప్లైవుడ్‌తో క్యాంపింగ్ ట్రైలర్ కడుతున్నాం, నేనూ మా నాన్నగారూ. ఆయన ఖమ్మం నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చారు, వడ్రంగి పని కొంత తెలుసు. గోడలు ముప్పావు అంగుళం ప్లైవుడ్, ఒకటే పొర. కుడివైపు ఒక తలుపు పెట్టాం. వెనకాల పైకి లేచే మూత కింద వంటగట్టు. పైకప్పుకి ఫ్యాన్ కొనేశాం. పడుకునేది నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప. ఇప్పుడు కిటికీల దగ్గర పని ఆగిపోయింది. ఆర్వీల (లోపలే పడుకునే క్యాంపింగ్ బండ్ల) సామాను షాపులో కొత్త కిటికీ ఒక్కోటి 200 డాలర్ల దాకా చెప్తున్నారు. నా దగ్గర అన్ని కిటికీలకీ కలిపి ఉన్నదే 200. హార్డ్‌వేర్ షాపులో ప్లెక్సీగ్లాస్, అదే గాజులాంటి ప్లాస్టిక్ షీటు, కొని స్క్రూలతో బిగించేద్దామని నేనంటున్నాను. ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే పాత కిటికీ తెచ్చి పెడదామని నాన్నగారు. పాపకేమో గుండ్రటి కిటికీ కావాలట, పడుకుని చందమామని చూడ్డానికి. ఎవరి మాట వినమంటారు?

సమాధానం: ముందు నాన్నగారి మాట తీసుకుందాం, పెద్దాయన కాబట్టి. పాత సామాను వాడదామన్న ఆయన ఆలోచన నూటికి నూరుపాళ్లు మంచిది. ఇంటి కిటికీ మాత్రం వద్దు. ఇల్లు కదలదు. ఇంటి కిటికీకి భూకంపం వస్తేనే కుదుపు, మీ ట్రైలర్‌కి ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా భూకంపమే. పాత ఇళ్ల కిటికీల్లో ఉండేది మామూలు గాజు, పగిలితే కత్తుల్లాంటి ముక్కలవుతుంది. దాని కింద పాప పడుకుంటుంది. కొత్త రకం డబుల్ గ్లాస్ కిటికీలు బరువెక్కువ. పైగా రోడ్డు కుదుపులకి రెండు అద్దాల మధ్య సీలు వదిలేసిందంటే లోపల పట్టిన ఆవిరిని ఇక తుడవలేరు. పెరట్లో సామాన్ల షెడ్డుకి పెట్టే చిన్న అల్యూమినియం కిటికీలైతే ఫరవాలేదు. తేలికగా ఉంటాయి, చుట్టూ అంచు ఉంటుంది, స్క్రూలతో బిగించుకోవచ్చు. వాటిలోనూ గాజు టెంపర్డ్‌దా (పగిలితే కత్తుల్లా కాక చిన్న పలుకుల్లా రాలేది) కాదా అని అడిగి కొనండి. టెంపర్డ్ అయితే సాధారణంగా మూలన చిన్న ముద్ర ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది డబ్బు సంగతి కాదు. ఒకటే తలుపు అన్న మాట. వంటగట్టు వెనకవైపే ఉంది, దానికీ పడకకీ మధ్య గోడ ఉంటుంది. అంటే ఆ తలుపు దగ్గర ఏ మంటో అంటుకుంటే ముగ్గురికీ బయటికి వచ్చే దారి లేదు. అమెరికాలో ఫ్యాక్టరీలో తయారయ్యే ఆర్వీలకి సాధారణంగా తలుపు కాక ఇంకో దారి ఉంటుంది, సుమారు 24 అంగుళాలు పొడవు, 17 అంగుళాలు ఎత్తు, మనిషి పాకి బయటపడేటంత. సొంతంగా కట్టుకున్న బండిని ఎవరూ వచ్చి కొలవకపోవచ్చు. కానీ లోపల పడుకునేది మన పిల్లే. అందుకే ఎడమ గోడకి పెట్టే కిటికీ మీకు గాలికీ వెలుతురుకీ మాత్రమే కాదు, రెండో గుమ్మం కూడా. ఈ ఒక్కటీ ఒప్పుకుంటే మిగతాదంతా తేలిక.

నా లెక్క ఇది. ఎడమ గోడకి మీరే చేసుకునే పెద్ద రెక్క కిటికీ, పూర్తిగా తెరుచుకునేది. తలుపులో ఒక పాత స్లైడింగ్ కిటికీ, రాత్రిపూట జానెడు తెరిచి పెట్టుకునేది. పాపకి గుండ్రటిది, అసలు తెరుచుకోనిది. ముందు గోడకి మాత్రం ఏదీ వద్దు. కారు వెనక చక్రాలు ఎగరేసే గులకరాళ్లన్నీ సూటిగా అక్కడికే వస్తాయి.

రెక్క కిటికీకి నాన్నగారి చెయ్యి పడాలి. గోడకి 26 అంగుళాల పొడవు, 18 అంగుళాల ఎత్తు కన్నం కోయండి. నాలుగు మూలలూ గుండ్రంగా రావాలి, కాఫీ కప్పు బోర్లించి గీసుకుంటే చాలు. మూల కోణంగా ఉంటే కుదుపుల ఒత్తిడంతా అక్కడికి చేరి ప్లైవుడ్ అక్కడినుంచే చీలుతుంది. కోసిన ముక్కని పారేయకండి, అదే మీ రెక్క. జిగ్‌సా (కరెంటు రంపం) బ్లేడు దూర్చడానికి చిల్లు పెట్టాల్సి వస్తే గీత మీదే పెట్టండి, తర్వాత ఎలాగూ బద్దె కింద కప్పబడిపోతుంది.

ఆ ముక్క మధ్యలో మళ్లీ 18 అంగుళాలు, 12 అంగుళాల కన్నం కోసి, దాని మీద బయటివైపు నుంచి ప్లెక్సీగ్లాస్ వేస్తారు. కిటికీ మొత్తం ప్లెక్సీగ్లాస్ ఎందుకు కాదంటే, మొదటిది డబ్బు. పావు అంగుళం మందం పెద్ద షీటు కొంటే మీ 200లో మూడో వంతు దానికే పోతుంది. చిన్న షీటు, 18 బై 24 ది, సరిగ్గా సరిపోతుంది. రెండోది టెక్సస్ ఎండ. ఆగస్టులో అద్దం ఎంత తక్కువుంటే అంత మంచిది. మూడోది, బందులు ప్లాస్టిక్‌కి కాకుండా చెక్కకి బిగుస్తాయి.

ఇక్కడే మీ స్క్రూల ప్లాన్ గురించి చెప్పాలి. ప్లెక్సీగ్లాస్ అంటే అక్రిలిక్. ఎండకి అది గాజుకన్నా సుమారు ఎనిమిది రెట్లు ఎక్కువ సాగుతుంది. 20 అంగుళాల ముక్క 40 డిగ్రీల సెల్సియస్ తేడాకి దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒకటిన్నర మిల్లీమీటర్లే కదా అనుకుంటాం. చుట్టూ స్క్రూలు బిగించి ఆ కాస్త చోటు కూడా లేకుండా చేస్తే, ఒక మధ్యాహ్నం టప్‌మని శబ్దం వస్తుంది. చూస్తే ప్రతి చిల్లు నుంచీ ఒక వెంట్రుక బీట. మామూలు డ్రిల్ బిట్‌తో చిల్లు పెడితే ఎండ దాకా ఆగక్కర్లేదు, బిట్ బయటికి వచ్చే క్షణంలోనే పగలొచ్చు.

కాబట్టి అక్రిలిక్‌కి అసలు చిల్లే పెట్టకండి. 20 బై 14 ముక్క కోసి, కన్నం చుట్టూ అంగుళం అంగుళం వచ్చేలా కూర్చోబెట్టి, దాని అంచుల్ని బద్దెలతో నొక్కిపట్టండి, ఫొటో ఫ్రేమ్‌లో అద్దంలా. స్క్రూలు బద్దెలోంచి అక్రిలిక్ అంచు బయటగా చెక్కలోకి దిగాలి. అక్రిలిక్ అంచుకీ స్క్రూలకీ మధ్య అరపావు అంగుళం ఖాళీ వదలండి, అది సాగడానికి చోటు. బద్దెలకి ఇళ్ల బయట వాడే పీవీసీ ట్రిమ్ బోర్డు మంచిది, కుళ్లదు, చెక్కలాగే కోసుకోవచ్చు.

కోయడం కష్టమేమీ కాదు. పైన అంటించిన కాగితం పీకకుండానే స్కేలు పెట్టి గీతలు గీసే కత్తితో ఏడెనిమిదిసార్లు గట్టిగా గీయండి. ఆ గీతని బల్ల అంచు మీద పెట్టి ఒక్కసారి వంచితే విరుగుతుంది. షాపులో పక్కనే 'పగలదు' అని రాసి పాలీకార్బొనేట్ అమ్ముతారు. నిజంగానే అది పగలదు, సుత్తితో కొట్టినా పగలదు. కానీ గీతలు ఇట్టే పడతాయి, ఎండకి పై పూత లేని రకమైతే కొన్నేళ్లకే పసుపెక్కుతుంది. దాన్ని గీసి విరవలేరు, సన్న పళ్ల రంపంతో కోయాల్సిందే. ఈ కిటికీకి అక్రిలిక్ చాలు. రెండింటికీ ఒక హెచ్చరిక వర్తిస్తుంది. అమ్మోనియా ఉండే గ్లాస్ క్లీనర్ కొట్టకండి, సాలెగూడులాంటి బీటలు వస్తాయి. నట్లు ఊడకుండా వేసే జిగురు, థ్రెడ్ లాకర్ అంటారే, అది కూడా తగలనివ్వకండి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే.

రెక్కకి బయటివైపు చుట్టూ రెండంగుళాల బద్దె కొట్టండి, అంగుళం రెక్క మీద, అంగుళం బయటికి. బయటికి వచ్చిన ఆ అంగుళమే గోడ మీద కూర్చుని వాననీ ఆపుతుంది, రెక్కని లోపలికి పడకుండానూ ఆపుతుంది. దాని కింద గోడకి చుట్టూ డీ ఆకారం రబ్బరు స్ట్రిప్ అంటించాలి, కారు తలుపులకి ఉంటుందే అలాంటిది. పైన ఆ చివర్నుంచి ఈ చివరిదాకా ఒకటే పొడుగు బందు, పియానో హింజ్ అంటారు. బందు కీలులోంచి నీళ్లు కారతాయి, అది దాని స్వభావం. అందుకని బందు మీద పెంకుటింటి చూరులా ఒక రబ్బరు పట్టీగానీ, వంచిన అల్యూమినియం రేకుగానీ రావాలి. పైన బందు ఉన్న రెక్కకి ఒక సుఖం ఉంది. సన్నటి వానలో కూడా కాస్త తెరిచి పడుకోవచ్చు, రెక్కే గొడుగవుతుంది.

గడియలు కింద రెండు మూలలా రెండు పెట్టండి, లోపలికి లాగి బిగించే రకం. ఒకటి చాలదు. హైవే మీద 65 మైళ్ల వేగంలో పక్క గోడల వెంట పోయే గాలి రెక్కని లోపలికి నెట్టదు, బయటికి లాగుతుంది. తాళంచెవితో తెరిచేవి మాత్రం వద్దే వద్దు. చీకట్లో ఆరేళ్ల పాప చేత్తో తిప్పితే తెరుచుకోవాలి. ట్రైలర్ పూర్తయ్యాక ఒక సాయంత్రం లైట్లు తీసేసి పాప చేతే తీయించి, ముగ్గురూ అందులోంచి ఒక్కొక్కరుగా బయటికి దూకండి. పాపకి ఆట, మీకు పరీక్ష. దోమల జాలీ కూడా స్క్రూలతో బిగించకండి. వెల్క్రోతోగానీ అయస్కాంతం పట్టీతోగానీ పెడితే ఒక్క తోపుతో ఊడొస్తుంది. జాలీ కొనేటప్పుడు 18 బై 16 (అంగుళానికి పోగుల లెక్క) అని ఉన్నది మామూలు దోమలకి. చెరువుల దగ్గర కంటికి కనిపించని నుసుములు కుడతాయి, వాటికి 20 బై 20 ఉండాలి. గాలి కొంచెం తగ్గుతుంది, నిద్ర మాత్రం పడుతుంది.

తలుపులో స్లైడింగ్ కిటికీకి వద్దాం. ఇది కొత్తది కొనక్కర్లేదు. పికప్ ట్రక్కుల వెనకాల ఫైబర్‌గ్లాస్ టాపు పెట్టుకుంటారు చూడండి, పాతబడ్డాక వాటిని వదిలించుకోలేక జనం నానా అవస్థలూ పడతారు. క్రెయిగ్స్‌లిస్ట్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో వెతికితే బీటలు వారిన టాపు కారుచౌకగా దొరుకుతుంది, ఒక్కోసారి 'తీసుకుపోతే చాలు' అని కూడా రాస్తారు. టాపు పగిలిందేమోగానీ దాని పక్క కిటికీలు రెండూ దాదాపు కొత్తవాటిలా ఉంటాయి. టెంపర్డ్ గాజు, జరిగే రెక్క, చాలావాటికి జాలీ కూడా ఉంటుంది, పైగా రోడ్డు కుదుపుల కోసమే చేసినవి. ఒక్క చిక్కు, అవి పల్చటి గోడకి చేసినవి. మీ ముప్పావు అంగుళం మందం ఎక్కువైతే, కన్నం అంచున లోపలివైపు చెక్కని రౌటర్ అనే చెక్కుడు మిషన్‌తో కొంత మేర పల్చగా చెక్కితే లోపలి రింగు పట్టుకుంటుంది. పాత ఆర్వీల కిటికీలతో అయితే చిక్కు దీనికి తలకిందులు. అవి చాలావరకు అంగుళం నుంచి అంగుళంన్నర మందం గోడలకి వస్తాయి. మీ గోడకి లోపల కన్నం చుట్టూ ఇంకో ముప్పావు అంగుళం చెక్క చట్రం కొడితే సరిపోతుంది. షాపులో ముప్పావు అని అమ్మే ప్లైవుడ్ నిజానికి అంగుళంలో 32 భాగాల్లో 23 భాగాలే ఉంటుంది, కాబట్టి లెక్క వేసుకోవడం కాదు, కొలిచి చూసుకోండి.

ఇంకో మాట. కిటికీ చేతికి వచ్చేదాకా తలుపుకి కన్నం కోయకండి. కన్నం కోసుకుని దానికి సరిపడే కిటికీ కోసం ఊరంతా వెతికినవాళ్లు నాకు ముగ్గురు తెలుసు. అందులో ఒకడిని నేనే.

నేను చేసిన ఇంకో ఘనకార్యం కూడా చెప్పేస్తాను, ఎలాగూ పరువు పోయింది కాబట్టి. మేము ఒహాయోలో ఉన్నప్పుడు మొదటి ట్రైలర్ కట్టాను. జంక్ యార్డ్ నుంచి స్లైడింగ్ కిటికీ ఒకటి తెచ్చి శుభ్రంగా తుడుస్తుంటే, కింది ఫ్రేమ్‌కి బయటివైపు రెండు సన్నటి చీలికలు కనిపించాయి, గోరు పట్టేంతవి. అరె, ఇక్కడినుంచే కదా నీళ్లు లోపలికి వస్తాయి, ఎవరో మొద్దు చూసుకోలేదు అనుకుని సిలికాన్‌తో రెండూ పూడ్చేశాను. పూడ్చి, వేలు తడుపుకుని నున్నగా రాసి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాను కూడా. మొదటి ట్రిప్పు హాకింగ్ హిల్స్. రాత్రి రెండింటికి వాన మొదలైంది. స్లైడింగ్ కిటికీ అద్దం మీద పడ్డ నీళ్లు కింద రెక్క జరిగే పట్టాలో చేరతాయి, ఆ రెండు చీలికల్లోంచి బయటికి పోతాయి. అవి పోవడానికే ఆ చీలికలు. నేను పూడ్చేశాక పట్టా నిండింది, నిండి లోపలికి పొర్లింది. మా ఆవిడ వైపు పరుపు మీదికి. ఆమె లేచి కూర్చుని, టార్చి వేసి చూసి, "ఇంట్లో బాత్‌టబ్ ఉందిగా, ఇంత దూరం ఎందుకు తీసుకొచ్చారు?" అంది. మీ కిటికీకి ఆ చీలికలు ఉంటాయి. అవి కిందికి, బయటికి ఉండేలా బిగించండి. సన్న తీగతో పొడిచి దుమ్ము తీయండి. వాటి జోలికి సిలికాన్ వెళ్లకూడదు.

అసలు సిలికాన్ మీదే నాకు కోపం. గాజుకి మంచిదే. కానీ చెక్క గోడకీ కిటికీ ఫ్రేమ్‌కీ మధ్య పూస్తే, రెండేళ్లకి ఎక్కడో ఒక చోట ఊడుతుంది. అప్పుడు దాని మీద రంగు అంటదు, ఇంకో సీలెంట్ అంటదు, కొత్త సిలికాన్ కూడా సరిగ్గా అంటదు. గీకి గీకి చేతులు పోతాయి. దాని బదులు బ్యూటైల్ టేపు కొనండి. అరపావు అంగుళం మందం, ముప్పావు అంగుళం వెడల్పు చుట్టగా వస్తుంది, లప్పంలా మెత్తగా ఉంటుంది. ఏళ్ల తరబడి గట్టిపడదు, గోడ కదిలితే దానితోపాటు కదులుతుంది. ఫ్రేమ్ అంచు వెనక చుట్టూ సాగదీయకుండా అంటించండి, అతుకు పైన రానివ్వకండి, కింద రావాలి. స్క్రూలు ఒకేసారి బిగించేయకూడదు. కారు చక్రం నట్లలా ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుతూ పోవాలి, టేపు అన్నివైపులా సమంగా బయటికి ఉబికేదాకా. మర్నాడు మళ్లీ బిగిస్తే మళ్లీ కాస్త వస్తుంది. మూడోరోజు కూడా వస్తుంది. ఇక రావట్లేదన్నాక ఉబికినదాన్ని ప్లాస్టిక్ కత్తితో కోసేయండి.

టేపు కంటే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది, చాలామంది వదిలేసేది ఇదే. ప్లైవుడ్ పైనా కిందా నున్నగా ఉంటుంది, నీళ్లు అంత తేలిగ్గా పట్టదు. కోసిన అంచు మాత్రం చొప్పకట్ట కోసిన చోటులా ఉంటుంది, స్ట్రా వేసుకుని తాగినట్టు తాగుతుంది. ఇంట్లో చేసిన ట్రైలర్లు కుళ్లేది చాలాసార్లు కిటికీ కింది అంచు దగ్గర. కోసిన ప్రతి అంచుకీ పల్చటి ఎపాక్సీగానీ, ఆయిల్ ప్రైమర్‌గానీ పీల్చినంతసేపూ పట్టించండి. రెండో పూత, మూడో పూత. ఇక పీల్చకుండా పైన మెరుస్తుంటే ఆపండి. కన్నం కింది అంచుని బయటికి కొంచెం వాలుగా చిత్రిక పట్టమనండి నాన్నగారిని. ఊళ్లో ఇంటి గడపలకి పెట్టే వాటమే, ఆయనకి మీరు చెప్పక్కర్లేదు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి ముందు అద్దం బిగించడం చిన్నప్పుడు గంటలకొద్దీ నిలబడి చూశాను. రెండువైపులా గాడి ఉన్న రబ్బరుని ముందు అద్దానికి తొడుగుతారు. బయటి గాడిలో చుట్టూ పురికొస దూర్చి, సబ్బునీళ్లు కొట్టి, అద్దాన్ని బాడీకి ఆనిస్తారు. ఒకడు బయటినుంచి అరచేత్తో తడుతుంటే లోపలివాడు పురికొస లాగుతాడు, లాగినకొద్దీ రబ్బరు పెదవి రేకు మీదికి ఎక్కుతుంది. అదే రబ్బరు ఇక్కడ కూడా గజాల లెక్కన దొరుకుతుంది. తెరుచుకోని కిటికీ ఇంకోటి కావాలని మీ ఆవిడ పట్టుబడితే, దానికి అద్దం కొనక్కర్లేదు. పారేసిన ఫ్రిజ్‌లో సామాన్లు పెట్టే గాజు అరని తీసుకోండి. సాధారణంగా టెంపర్డ్ గాజే, ముద్ర చూసుకోండి, అంచులు అరగదీసి ఉంటాయి. దాన్ని కోయడానికి మాత్రం వీల్లేదు, కోయబోతే మొత్తం చక్కెర పలుకుల్లా రాలిపోతుంది. గాజు కొలతకి గోడనే కోసుకోవాలి. రబ్బరు కొనేముందు దాని గాడి మీ గాజు మందానికీ గోడ మందానికీ సరిపోతుందో లేదో చూసుకోండి, ముప్పావు అంగుళానికి దొరకడం కష్టం, అక్కడ కూడా అంచు పల్చన చేయాల్సి రావచ్చు.

ఖర్చు నా అంచనా ఇది. అక్రిలిక్ చిన్న షీటు 30, 40 మధ్య. ప్లాస్టిక్ షీట్లు అమ్మే దుకాణాల్లో మిగులు ముక్కల పెట్టె ఉంటుంది, అందులో అయితే ఇంకా తక్కువకే. బందు, గడియలు, రబ్బరు కలిపి 40, 50. టాపు కిటికీ 30 నుంచి 50, బేరమాడండి. బ్యూటైల్ రెండు చుట్టలు 25. పీవీసీ బద్దెకి ఇంకో 15, 20. మీ 200 దాటదు. మిగిలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని పసిగట్టే అలారం కొనండి, మిగలకపోయినా కొనండి. చలికాలంలో కిటికీలన్నీ మూసి లోపల స్టవ్ వెలిగించే ఆలోచన ఎవరికీ రాకూడదు. మూడు ప్రాణాలు రాత్రంతా ఊపిరి వదిలితే ఆ చిన్న పెట్టెలో తెల్లారేసరికి గోడలు చెమర్చి నీళ్లు కారతాయి. తలుపులో కిటికీ రెండు వేళ్లు తెరిచి, పైన ఫ్యాన్ సన్నగా వేసి పడుకుంటే కిందనుంచి వచ్చిన గాలి పైనుంచి పోతుంది.

అన్నీ బిగించాక, లోపల పరుపూ గిరుపూ పెట్టకముందే నీళ్ల పరీక్ష చేయండి. నాన్నగారు టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, మీరు బయట పైపు పట్టుకోవాలి. పైనుంచి మొదలుపెట్టకండి, అలా చేస్తే ఎక్కడ కారుతోందో తెలియదు. కింది అంచు మీద ఐదు నిమిషాలు, తర్వాత పక్కలు, చివర్న పైభాగం. లోపలినుంచి కేక వినపడ్డ చోట ఆపి గుర్తు పెట్టుకోండి.

ఇక పాప కిటికీ. పడవలకి పెట్టే గుండ్రటి కిటికీ ధర అడిగితే మీరు పడవ కొనాలేమో అనుకుంటారు. దాని జోలికి పోకుండా పాత సామాన్లు అమ్మే థ్రిఫ్ట్ స్టోర్‌కి వెళ్లి గిన్నె మూతల వరసలో వెతకండి. నవ్వకండి, ఇక్కడ చాలామంది చేసేదే. పది అంగుళాల గాజు మూత, చుట్టూ స్టీలు అంచు ఉన్నది. సాధారణంగా అది టెంపర్డ్ గాజే, పొయ్యి వేడి తట్టుకున్నది ఎండ తట్టుకోదా? ఉబ్బు బయటికి ఉండేలా పెడితే వాన నిలవదు. మూత అంచుకన్నా అర అంగుళం లోపలికి గుండ్రంగా కన్నం కోయండి. అంచు కింద బ్యూటైల్, పైనుంచి నొక్కిపట్టడానికి పీవీసీ బోర్డు రింగు. వంటింట్లో కూరగాయలు తరిగే ప్లాస్టిక్ బోర్డుతో రింగు చేద్దామని అనిపిస్తుంది, దానికి రంగుగానీ జిగురుగానీ సరిగా అంటదు, వద్దు.

మూతకి రెండు చిల్లులు ఉంటాయి. ఒకటి మధ్యలో పిడిది. పిడి తీసేసి రెండువైపులా రబ్బరు వాషర్లు వేసి చిన్న స్టీలు బోల్టు బిగించవచ్చు. లేదా పిడిని తిప్పి లోపలివైపుకి బిగించండి, పాప దానికి తన టోపీ తగిలించుకుంటుంది. రెండోది ఆవిరి పోయే చిన్న చిల్లు. అది లేని మూత దొరికితే సంతోషం, లేకపోతే ఆ చిల్లు కిందికి వచ్చేలా తిప్పి, ఇక్కడ మాత్రం సిలికాన్ చుక్క వేయండి. సిలికాన్‌ని నేను ఒప్పుకునే చోటు ఇదొక్కటే.

పెట్టాల్సింది ఎడమ గోడలో పాప తల దగ్గర, పెద్ద కిటికీకి కనీసం అరడుగు దూరంలో. ట్రైలర్ ఆపేటప్పుడు ఆ గోడ తూర్పుకి వచ్చేలా తిప్పుకోండి. మొదటి ట్రిప్పు ఇంక్స్ లేక్‌కి వేసుకుంటే పున్నమి చూసి వేసుకోండి. ఆ రోజు చందమామ పొద్దుగూకే వేళకే లేస్తాడు, పాప నిద్రపోయేలోపే కిటికీలోకి వచ్చేస్తాడు.